వేళ్లు రాసిన ఉత్తరం

బెంగళూరులోని హూడి మెట్రో స్టేషనులో దిగి సాయంత్రం అపార్టుమెంట్ల మధ్య నడిస్తే కన్నడంతో పాటు తెలుగూ చెవిన పడుతుంది. ఐటీ ఉద్యోగాలకు వచ్చిన మన కుటుంబాలు ఇక్కడ చాలా ఉన్నాయి. గోడకు గోడ ఆనుకున్న ఫ్లాట్లలో రాత్రి తొమ్మిది దాటాక పిల్లలు సాధన చెయ్యాలంటే హెడ్‌ఫోన్ తగిలించుకునే డిజిటల్ పియానోయే దిక్కు. మా ఇంట్లోనూ ఒకటుంది. దాన్ని వాయించడం ఒక ఎత్తు, అందులో పాట ఫైళ్లను వాడుకోవడం మరో ఎత్తు.

ఈ ఫైళ్లు రెండు రకాలు. మిడి ఫైలులో శబ్దం ఉండదు. ఏ మెట్టు ఎప్పుడు నొక్కారు, ఎప్పుడు వదిలారు, 1 నుంచి 127 వరకు ఉండే కొలతలో ఎంత బలంగా నొక్కారు, పెడల్ ఎప్పుడు తొక్కారు అన్న లెక్క మాత్రమే ఉంటుంది. వేళ్లు రాసిన ఉత్తరం అనుకోండి. పియానో దాన్ని చదివి తన గొంతుతో వినిపిస్తుంది. అందుకే నాలుగు నిమిషాల పాటకు కొన్ని పదుల కిలోబైట్లు చాలు. రెండోది ఆడియో ఫైలు, అంటే మోగిన శబ్దమే. సీడీ నాణ్యతలో నిమిషానికి దాదాపు 10 మెగాబైట్లు పడుతుంది.

వాయించిన తీరును దాచాలన్న ఆశ పాతదే. 1904లో జర్మనీ వాళ్ల వెల్టే-మిన్యోన్ యంత్రం చిల్లులు పడిన కాగితపు చుట్టలతో పియానిస్టుల వాయింపును తిరిగి వినిపించింది. 1983లో వేర్వేరు కంపెనీల వాయిద్యాలకు ఉమ్మడి భాషగా మిడి వచ్చింది. అందుకు పాటుపడిన డేవ్ స్మిత్, ఇకుతారో కకెహాషీలకు 2013లో టెక్నికల్ గ్రామీ దక్కింది.

సాధనలో మిడి విలువ తెలుస్తుంది. సరళీ వరసలే తీసుకోండి. మాయామాళవగౌళలో షడ్జమాన్ని ‘సి’ మీద పెడితే రిషభం, ధైవతం నల్ల మెట్లు, మిగతావన్నీ తెల్లవి. ముందు స-ప శ్రుతిని ఎడమచేతి భాగంగా రికార్డు చేసుకోవాలి. దాన్ని మోగిస్తూ కుడిచేత్తో వరస వాయించి రెండో ట్రాకులో ఎక్కించాలి. తర్వాత వేగం తగ్గించి వినాలి. మిడిలో వేగం మారినా శ్రుతి చెదరదు. మూడో కాలంలో ఏ వేలు తొందరపడిందో అప్పుడు స్పష్టంగా దొరుకుతుంది. గురువు వారానికి ఒకసారే వచ్చే ఇంట్లో ఇది పెద్ద ఆసరా.

మొన్న నెల్లూరు నుంచి మా అమ్మ వచ్చింది. మా అమ్మాయి రికార్డు చేసుకున్న మంగళహారతి వరస విని గొంతు కలపబోయి ఆగిపోయింది. ‘‘నా గొంతు అంత పైకి పోదే, తల్లీ’’ అంది. పిల్ల ట్రాన్స్‌పోజ్ నొక్కి మూడు మెట్లు కిందికి దించింది. ‘‘ఇప్పుడు పాడు నానమ్మా’’ అంది. వాయింపు అదే, వేగం అదే, శ్రుతి మాత్రం డెబ్బై ఏళ్ల గొంతుకు సరిపోయింది. అమ్మ చివరిదాకా పాడింది.

అయితే ఆ పాటలోని గమకాలు పియానో మెట్లకు అందవు. స్వరానికీ స్వరానికీ మధ్య జారే ఆ ఊగు మిడి ఫైలులోకి ఎక్కలేదు. అందుకని ఆమె పాడుతుండగా ఫోనులో ఆడియో కూడా తీశాం. మైకు పెట్టుకునే వీలున్న పియానోల్లో గొంతు, వాయింపు కలిపి నేరుగా పెన్‌డ్రైవులోకి ఎక్కించవచ్చు. సాధనకు మిడి, జ్ఞాపకానికి ఆడియో: ఇదీ నేను పాటించే సూత్రం.

కొన్ని జాగ్రత్తలు. మిడిని ‘ఫార్మాట్ 0’లో దాస్తే చాలా పియానోలు చదువుతాయి. పెన్‌డ్రైవును ముందు పియానోలోనే ఫార్మాట్ చేయండి. లోపలి మెమరీని నమ్ముకోకండి, కొన్ని మోడళ్లలో కొత్త రికార్డింగు పాతదాన్ని చెరిపేస్తుంది. ఫైలుకు పాట పేరు, తేదీ, పాడినవారి పేరు పెట్టి రెండు చోట్ల దాచండి.

మీ ఇంట్లోనూ పెళ్లిపాటలు, లాలిపాటలు, హారతులు ఒక్క గొంతులోనే మిగిలి ఉండవచ్చు. ఈ ఆదివారం పెద్దవాళ్లను పియానో పక్కన కూర్చోబెట్టి, వాళ్ల శ్రుతికి దించి, రికార్డు బటన్ నొక్కండి.