చెంచు అన్న మాట ఎటు పోయింది?

సాలెపురుగు, పాము, ఏనుగులతో పాటు కన్నప్పను తలచుకునే పద్యం ఒకటి కాళహస్తీశ్వర శతకంలో ఉంది. అందులో ధూర్జటి కన్నప్పను 'చెంచు' అనే అన్నాడు. కింద తాత్పర్యంలో మాత్రం తరచుగా 'బోయవాడైన తిన్నడు' అని కనిపిస్తుంది. మేము చదువుకునే రోజుల్లో సారు ఆ తాత్పర్యం చెప్పి, "అడవి మనిషి, ఏమీ తెలియనివాడు" అని తన మాట కలిపాడు. తరగతి మొత్తం మా వైపు తిరిగి చూసింది. పద్యం తప్పులేకుండా అప్పజెప్పిన మేము కూడా అందులో మా పేరు ఉన్నదని గమనించలేదు.

బోయ అన్నా చెంచు అన్నా వేటగాడే కదా అంటారు. పాత కావ్యాల్లో ఎరుకు, బోయ, చెంచు అన్న మాటలు ఒకదాని బదులు ఒకటి వస్తాయి, నిజమే. కానీ ఈనాడు అవి మూడు వేరు వేరు జనాల పేర్లు. ఉన్న పేరు తీసి వేరొకటి పెట్టడం, తెలుగు నుంచి తెలుగుకే అయినా, అనువాదమే. అది మంచి అనువాదం కాదని మా అభిప్రాయం.

కన్నప్ప కథను పాల్కురికి సోమనాథుడు 13వ శతాబ్దంలో బసవపురాణంలో చెప్పాడు. జనం పాడుకునే ద్విపదలో, క్లుప్తంగా చెప్పాడు. 16వ శతాబ్దంలో ధూర్జటి శ్రీకాళహస్తి మాహాత్మ్యం మూడో ఆశ్వాసంలో దాన్ని బాగా పెంచాడు. తిన్నడు పుట్టిన ఉడుమూరు, వాళ్ల వేట, చిన్నప్పుడు ఆడిన ఆటలు అన్నీ వరుసగా వస్తాయి. గుడుగుడు గుంచం ఆడని పిల్లలు మన పెంటల్లో ఉన్నారా?

అన్నిటికన్నా మాకు నచ్చేది తిన్నడు లింగాన్ని పిలిచే చోటు. పులులు తిరిగే కొండ పక్కన ఒక్కడివే ఎందుకున్నావు, ఆకలైతే ఎవరు పెడతారు, మా ఊరికి రా అంటాడు. ఇది అజ్ఞానం ఎట్లా అవుతుంది? ఒంటరిగా ఉన్న మనిషిని చూస్తే మన పెద్దలు అడిగే మాట ఇదే. శ్రీశైలం మల్లన్నను చెంచు మల్లయ్య అని, అల్లుడని చెప్పుకునే మనకు దీనికి తాత్పర్యం అక్కరలేదు. పిల్లల కోసం రాసే వచన కథల్లో ఈ పిలుపు రెండు ముక్కల్లో అయిపోతుంది, లేదా ఉండనే ఉండదు. ఎంగిలి మాంసం, నోటి నీళ్లు, కన్ను పెకలించడం మాత్రం తప్పక ఉంటాయి.

1990లో వెల్చేరు నారాయణరావు, జీన్ రోఘైర్ కలిసి బసవపురాణాన్ని 'శివాస్ వారియర్స్' పేరుతో ఇంగ్లీషులోకి తెచ్చారు. మా ఇంగ్లీషు అంతంత మాత్రమే, నిఘంటువు పక్కన పెట్టుకోవలసిందే. సోమనాథుడు బయటి లోకానికి చేరడం గొప్ప సంగతి. కానీ ద్విపద నడక వచనంలోకి రాదు. 'వీరులు' అన్న పేరు ఆ పుస్తకంలోని చాలామంది భక్తులకు సరిపోతుంది, కన్నప్పకు సరిపోదనిపిస్తుంది. ఆయన ఎవరి మీదా యుద్ధానికి పోలేదు. ఇదే రోఘైర్ అంతకు ముందు, 1982లో, మన నల్లగొండకు కృష్ణ అవతలున్న పల్నాటి వీరుల కథను పాడే మనిషి నోట విని ఇంగ్లీషు చేశాడు. ఆ దారి మాకు ఎక్కువ నచ్చింది.

కవులతోనూ మాకు ఒక పేచీ ఉంది. పూజారి భక్తికి మంత్రం చాలింది, మనవాడి భక్తికి కన్నే కావలసి వచ్చింది. కులం కన్నా భక్తి గొప్పదని చెప్పడానికే అట్లా రాశారంటారు. అయినా పరీక్ష ఒక్కడికే ఎందుకని పిల్లలు అడిగితే మేము ఆపము.

ఈ ఏడాది ఆ పిలుపును పిల్లలతో పెంట మాటలో చెప్పించాము. అమ్రాబాద్ వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి లేచి, "ఒక్కనివే ఎందుకుంటవు మల్లయ్యా, గడ్డలు ఉడకబెట్టినం, రా" అన్నది. మల్లయ్య పేరు మేము చెప్పలేదు. పిల్లలు చెప్పినవన్నీ ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టాము. దేవరకొండ వైపు బళ్లలో ఎవరైనా ఇట్లా చెప్పిస్తే మాకు పంపండి, పక్కపక్కన పెట్టి చూద్దాము.