నట్సుమే, లక్కపిడత

జపాన్‌వారు టీపొడి దాచుకునే చిన్న లక్క డబ్బాను ‘నట్సుమే’ అంటారు. అది ఒక జాతి రేగుపండు పేరు, ఆకారమూ అదే. చెట్టు పాలతో పూత వేసి, తడి ఆరకముందే బంగారు పొడి చల్లి బొమ్మ తీరుస్తారు. ఆ పనితనం ‘మాకియే’. అందులో నాకు నచ్చేది బంగారం కాదు, దాని చుట్టూ ఖాళీగా వదిలిన నలుపు.

మన ఏటికొప్పాక లక్క పురుగు ఇచ్చేది. లేతు మీద తిరిగే అంకుడు కర్రకు లక్కకడ్డీ ఒత్తితే, రాపిడి వేడికే కరిగి అంటుకుంటుంది. మొగలి ఆకుతో మెరుగు పెడతారు. ఇక్కడ బొమ్మ లేదు, రంగే ఆకారం. రెండూ గొప్పవే. కాని మొదటిదాన్ని కళ అంటాం, రెండోదాన్ని పిల్లల ఆట అంటాం. ఈ తూకం తప్పు.

మంచి నట్సుమేల మీద చాలాసార్లు పనివాడి సంతకం ఉంటుంది. 2017లో వచ్చిన భౌగోళిక గుర్తింపు ఏటికొప్పాక ఊరి పేరు నిలిపింది. చేతి పేరు ఇంకా పిడత మీదికి ఎక్కలేదు. కామాటిపురాలో ఉన్న మనకు ఇది కొత్త కాదు. బొంబాయి కట్టడాలకు రాళ్ళు మోసిన మనవాళ్ళ పేర్లు గోడల మీద లేవు, ‘కామాటి’ అన్న పని పేరే పేటకు మిగిలింది. ఈసారి ఊరెళ్ళి లక్కపిడతలు కొంటే, ధరకంటే ముందు చేసినవారి పేరు అడుగుదాం.