కోరిన పాఠకులు, కొనసాగిన కథ: హ్యూ హోవీ ‘వుల్’ నవలామాలిక - ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

తెలుగు కావ్య సంప్రదాయంలో అవతారికకు ఒక ప్రత్యేక ప్రయోజనం ఉంది. కావ్యం ఎవరి కోరికపై పుట్టిందో కవి అక్కడ చెబుతాడు. రాజరాజనరేంద్రుడు భారతాన్ని తెనిగించమని నన్నయను కోరిన విషయం ఆంధ్ర మహాభారత అవతారికలోనే ఉంది. అంటే రచనకు ముందే, ఆ రచనను కోరే శ్రోత ఒకడు ఉన్నాడన్నమాట. ముద్రణ యుగంలో ఆ కోరే స్థానంలోకి చాలావరకు సంపాదకుడు, ప్రచురణకర్త వచ్చారు. ఈ ఇద్దరి ప్రమేయం లేకుండా రచయిత తన రచనను తానే ప్రచురించుకొన్నప్పుడు కోరేవారెవరు? ఆ కోరిక రచనాస్వరూపంలో ఎక్కడ కనిపిస్తుంది?

ఈ ప్రశ్నల పరిశీలనకు అమెరికన్ రచయిత హ్యూ హోవీ రాసిన ‘వుల్’, ‘షిఫ్ట్’, ‘డస్ట్’ అనే నవలామాలిక తగిన ఆధారం. ప్రళయానంతర జీవితాన్ని చిత్రించిన ఈ వైజ్ఞానిక కల్పన గురించి సాధారణంగా వినిపించేది దాని విజయగాథ. పాఠకులు ఆదరించారు, రచయిత ధనవంతుడయ్యాడు అన్నంతటితో ఆ గాథ ముగుస్తుంది. పాఠకుల కోరిక ఈ కథ నిర్మాణాన్ని మార్చిందనీ, ఆ మార్పులో లాభమూ నష్టమూ రెండూ ఉన్నాయనీ, వాటిని అమ్మకాల లెక్కలలో కాక రచనలోనే వెతకాలనీ ప్రతిపాదించడం ఈ వ్యాస ఉద్దేశం.

ప్రచురణ క్రమం

హోవీ కొంతకాలం విహారనౌకలకు కెప్టెన్‌గా, తరువాత ఒక విశ్వవిద్యాలయ పుస్తక విక్రయశాలలో ఉద్యోగిగా పనిచేశాడు. 2011 జూలైలో ‘వుల్’ అనే దీర్ఘకథను అమెజాన్ కిండిల్ వేదికపై 99 సెంట్ల వెలకు స్వయంగా ప్రచురించాడు. అది స్వయంసంపూర్ణమైన కథ. దానికి కొనసాగింపు ఉంటుందన్న సూచన ఏదీ అందులో లేదు. చదివినవారు తమ సమీక్షలలో తరువాతి కథను అడిగారు. 2012 జనవరి నాటికి మరి నాలుగు భాగాలు వెలువడి, అయిదూ ఒక సంపుటమయ్యాయి. ఆ తరువాత పూర్వకథగా ‘షిఫ్ట్’ మూడు భాగాలుగా వచ్చింది. 2013లో ‘డస్ట్’తో కథ ముగిసింది. అదే ఏడాది సైమన్ అండ్ షూస్టర్ సంస్థ అమెరికాలో ‘వుల్’ ముద్రిత ప్రతిని ప్రచురించినప్పటికీ ఎలక్ట్రానిక్ ప్రతి హక్కులు రచయిత వద్దనే ఉండిపోయాయి.

స్వీయ ప్రచురణ తెలుగువారికి కొత్త కాదు. మన కవితాసంపుటాలలో ఎన్నో కవుల స్వంత ఖర్చుతో అచ్చయినవే. అయితే అక్కడ పుస్తకం పూర్తయిన తరువాతనే పాఠకుని చేతికి వస్తుంది. ‘వుల్’ విషయంలో పాఠకుడు రచన మధ్యలో ప్రవేశించాడు. మన వారపత్రికల ధారావాహికలతో దీనికి పోలిక ఉన్నా ఒక ముఖ్యభేదం ఉంది. ధారావాహిక మొదటి వారంనుంచే కొనసాగింపును వాగ్దానం చేస్తుంది. ఇక్కడ ఆ వాగ్దానం లేదు. ముగిసిన కథను పాఠకులు మళ్లీ తెరిపించారు.

ముగిసిన కథను తెరవడం

బయటి గాలి విషమైపోయిన లోకంలో మనుషులు భూగర్భంలో నూటనలభైకి పైగా అంతస్తుల గోతిలో తరతరాలుగా బతుకుతుంటారు. బయటికి వెళ్లాలన్న కోరికను వెల్లడించడమే అక్కడ మహాపరాధం. ఆ కోరికను తీర్చడమే దానికి శిక్ష. శిక్షపడినవారు రక్షణ దుస్తులు ధరించి బయటికి వెళ్లి, లోపలివారికి బయటి దృశ్యాన్ని చూపే కెమెరా కటకాలను ఉన్నితో తుడిచి, ఆ పరిసరాలలోనే మరణిస్తారు. తుడవబోమని ప్రతిన పూనినవారు సైతం తుడుస్తారు. కారణం వారి శిరస్త్రాణంలో ఉంది. దాని లోపలి తెర పచ్చిక బయళ్లను, నీలాకాశాన్ని చూపుతుంది. తాము చూస్తున్నది లోపలివారికీ చూపాలన్న తపనతో వారు కటకాన్ని శుభ్రం చేస్తారు. మూడేళ్ల క్రితం ఇలాగే వెళ్లిన భార్య ఆలిసన్‌ను తలచుకొంటూ షెరీఫ్ హోల్‌స్టన్ బయటికి వెళ్తాడు. ప్రాణం పోతున్న క్షణాన శిరస్త్రాణం తీసి అసలు లోకాన్ని చూస్తాడు. సత్యం తెలిసిన క్షణమూ మరణక్షణమూ ఒకటే కావడంతో మొదటి కథ ముగుస్తుంది. ఆంగ్లంలో కళ్లమీదికి ఉన్ని లాగడమంటే మనం కళ్లకు గంతలు కట్టడం అన్నట్లే. కథ శీర్షికలో ఆ శ్లేష ఉంది.

ఇటువంటి కథకు కొనసాగింపు రాయడంలో రెండు చిక్కులున్నాయి. మొదటిది, కథానాయకుడు మరణించాడు. రెండవది, కథలోని రహస్యం పాఠకునికి తెలిసిపోయింది. హోల్‌స్టన్‌తో సమానంగా అజ్ఞానంలో ఉన్న పాఠకుడు ఇప్పుడు ఆ గోతిలోని సామాన్యులందరికన్నా ఎక్కువ తెలిసినవాడు. బయట ఏముంది, ఈ ఏర్పాటు ఎవరిది అన్న ప్రశ్నలు సహజంగానే అతనికి కలుగుతాయి. రెండవ భాగం వాటికి జవాబు చెప్పదు. వృద్ధురాలైన మేయర్ జాన్స్, డిప్యూటీ మార్న్స్‌తో కలిసి కొత్త షెరీఫ్‌ను ఎంపిక చేయడానికి మెట్లు దిగుతూ అట్టడుగున ఉన్న యంత్రవిభాగం దాకా చేసే ప్రయాణమే ఆ భాగం. లిఫ్టు లేని ఆ లోకంలో ఎత్తే సామాజిక దూరం. సరకులూ ఉత్తరాలూ మోసే కూలీలు, అక్షరానికింతని వెల కట్టిన కంప్యూటరు సందేశాలు, లాటరీ ద్వారా లభించే సంతానానుమతి వంటి వివరాలన్నీ ఆ దిగే నడకలోనే తెలుస్తాయి. బయట ఏముందని అడిగిన పాఠకునికి రచయిత లోపల ఎవరున్నారో చూపాడు. కోరికను వెంటనే తీర్చకుండా దాన్ని లోతు చేయడం ఈ భాగంలోని ఔచిత్యం. నవలామాలిక మొత్తంలో ఉత్తమ భాగం ఇదేనని నా అభిప్రాయం.

రెండవ చిక్కుకు పరిష్కారం జూలియట్ పాత్రలో ఉంది. యంత్రాలు బాగుచేసే ఆమె షెరీఫ్ అవుతుంది. కంప్యూటరు విభాగాధిపతి బెర్నార్డ్ కుట్రతో ఆమెకూ బయటికి వెళ్లే శిక్ష పడుతుంది. తెరమీది పచ్చిక అబద్ధమని పాఠకునితోపాటు ఇప్పుడు ఆమెకూ తెలుసు. కనుక ఆమె కటకాన్ని తుడవదు. కొండ దాటి నడిచిపోతుంది. ఆమె బతకడానికి కారణం అద్భుతం కాదు. రక్షణ దుస్తులకు వాడే టేపు నాసిరకంగా ఉండేలా కంప్యూటరు విభాగం జాగ్రత్తపడేది. సరకుల విభాగంలోని ఆప్తులు ఈసారి మేలురకం టేపును అందించారు. మొదటి కథలో సత్యం తెలిసినా ఫలం లేదు, ఎందుకంటే తెలుసుకొన్నవాడు ఒంటరి. ఇక్కడ సత్యానికి కంటికి కనిపించని చేతుల నిజాయితీ తోడైంది. కొనసాగింపు సాధించిన అర్థవిస్తృతి ఇదే. తొలి కథలో దీనికి తావు లేదు.

‘ఎందుకు’ అన్న ప్రశ్నకు చెల్లించిన మూల్యం

లాభం ఇలా ఉండగా నష్టం ‘షిఫ్ట్’లో కనిపిస్తుంది. ఈ గోతులు ఎలా వచ్చాయన్న ప్రశ్నకు జవాబుగా రాసిన భాగమిది. సెనేటర్ థర్మన్ పథకం, సూక్ష్మయంత్రాల భయం, మత్తునిద్రలో విడతల వారీగా మేల్కొని కాపలా కాసే పాలకులు, గతాన్ని మరపించే ఔషధం మొదలైనవన్నీ ఇందులో వివరంగా వస్తాయి. మొదటి కథలోని నిర్జీవ భూమి కారణం తెలియనందువల్లనే భయానకం. ఆలంకారికుల పరిభాషలో చెప్పాలంటే అక్కడ వ్యంగ్యంగా ఉన్నది ఇక్కడ వాచ్యమైపోయింది. ఏ ప్రభుత్వానికైనా, ఏ నమ్మకానికైనా అన్వయించుకోగలిగిన కథ కొందరు వ్యక్తుల కుట్రగా కుదించుకుపోయింది.

అయితే ‘షిఫ్ట్’ను పూర్తిగా తోసిపుచ్చడం న్యాయం కాదు. తాను గీస్తున్న నిర్మాణం దేనికో తెలియకుండానే దాని నమూనా గీసిన డోనల్డ్ పాత్ర వివరణ భారాన్ని కొంత తగ్గిస్తుంది. మోసపోయినవాడే మోసానికి సాధనమయ్యాడన్న అపరాధభావం అతనిది. ‘డస్ట్’లో జూలియట్ కథతో అతని కథ కలిసే చోట నవలామాలిక తన నైతిక బలాన్ని కొంతవరకు తిరిగి పొందింది.

పాఠకుడే రచయిత అయిన చోట

మూలకథలో గోతి ఒక్కటి కాదు, యాభై ఉన్నాయని తరువాత తెలుస్తుంది. వాటిలో చాలావాటి చరిత్ర రచయిత రాయలేదు. ఆ ఖాళీలలో తమ కథలు రాసుకోవడానికి హోవీ పాఠకులకు అనుమతి ఇచ్చాడు. 2013లో అమెజాన్ ప్రారంభించిన ‘కిండిల్ వరల్డ్స్’ వేదికలో ఆ కథలకు చోటు దొరికింది. 2018లో సంస్థ ఆ వేదికను మూసివేసింది.

ఈ పరిణామం స్వీయ ప్రచురణ గురించిన ఒక అపోహను సరిదిద్దుతుంది. రచయితకూ పాఠకునికీ మధ్య ఎవరూ లేరనడం సరికాదు. సంపాదకుని స్థానంలో విక్రయవేదిక ఉంది. సంపాదకుడు ఏది అచ్చువేయాలో నిర్ణయిస్తాడు. వేదిక ఏది కంటబడాలో, ఎంతకాలం నిలవాలో నిర్ణయిస్తుంది. గోతిలోని మనుషులు లోకాన్ని ఒక తెర ద్వారానే చూస్తారు. ఆ తెర ఎవరి అధీనంలో ఉందన్నదే నవల అడిగిన ప్రశ్న. నవల పుట్టుకకు చోటిచ్చిన వ్యవస్థకూ ఆ ప్రశ్న వర్తిస్తుంది.

ముగింపు

‘వుల్’ నవలామాలికకు అవతారిక లేదు. కోరినవారి పేర్లు గ్రంథంలో నమోదు కాలేదు. అయినా మొదటి, రెండవ భాగాల మధ్య ఉన్న అతుకులో ఆ కోరిక స్పష్టంగా కనిపిస్తుంది. పాఠకుని కోరికను లోతు చేసినప్పుడు రచన ఎదిగింది. దానికి సూటిగా జవాబు చెప్పబూనినప్పుడు కుదించుకుపోయింది. కనుక పాఠకాదరణను గుణంగానో దోషంగానో ముందే నిర్ణయించకుండా, రచనలో అది చేసిన పనిని భాగం వెంట భాగంగా గుర్తించడం విమర్శ బాధ్యత.

ఈ పద్ధతి మన పరిశోధనకూ ఉపకరిస్తుంది. వారపత్రికలలో ధారావాహికలుగా వచ్చిన తెలుగు నవలలను మనం ఎక్కువగా పుస్తకరూపంలోనే చదువుతున్నాం, వాటిపైనే సిద్ధాంతగ్రంథాలు రాస్తున్నాం. వారం వారం అచ్చయిన పాఠానికీ పుస్తకపాఠానికీ గల భేదాలను, ఆయా సంచికలలోని పాఠకుల లేఖలను పక్కపక్కన పెట్టి చూస్తే ఏ మలుపు ఎవరి కోరిక ఫలితమో కొంతవరకైనా తేలుతుంది. పాత సంచికలు శిథిలమైపోకముందే ఆ పని జరగాలి.