పక్షం మారితే ధర్మం మారునా? పల్నాటి వీరకథలో బ్రహ్మనాయుడు, నాగమ్మ

నల్గొండ జిల్లా దామరచర్ల మండలంలోని వాడపల్లి వద్ద మూసీ కృష్ణలో కలుస్తుంది. అక్కడి వంతెన దాటితే ఆవలి గట్టున పొందుగుల; పల్నాడు అక్కడ మొదలవుతుంది. 12వ శతాబ్ది నాటి దాయాదుల పోరును గానం చేసే పల్నాటి వీరకథకు గురజాల, మాచర్ల, కారెంపూడి రంగస్థలాలు. అందులో నలగామరాజు పక్షాన నాయకురాలు నాగమ్మ, మలిదేవుని పక్షాన బ్రహ్మనాయుడు పరస్పర ప్రత్యర్థులు. నాగమ్మ కృష్ణకు ఉత్తరాన కరీంనగర్ ప్రాంతపు ఆరవెల్లి నుంచి వచ్చిందని ఒక జనశ్రుతి. ఆ ఆధారంతో, దక్షిణ తీరంలో కుటిలమంత్రిణిగా ముద్రపడిన ఆమెను ఉత్తర తీరంలో ధీరవనితగా నిలపడం సులభం. కాని ముద్రలను తారుమారు చేసినంత మాత్రాన అది విమర్శ కాదు. ఇద్దరి రాజనీతిలోని అంతర్వైరుధ్యాన్ని కథలోని ప్రధాన ఘట్టాల ఆధారంగా పరిశీలించవలసి ఉంది.

మొదటి ఘట్టం రాజ్యవిభజన. బ్రహ్మనాయుడు మాచర్ల చెన్నకేశవుని భక్తుడు. కులభేదం పాటించక అందరినీ ఒకే చాపపై కూర్చోబెట్టి భోజనం పెట్టిన ‘చాపకూడు’ అతని కీర్తికి మూలం. మాల కన్నమదాసును కొడుకుగా స్వీకరించిన ఉదారుడతడు. అయినా గురజాలలో మంత్రిత్వం నాగమ్మ చేతికి వెళ్ళాక, రాజ్యాన్ని చీల్చి మలిదేవునికి మాచర్ల ఇప్పించింది అతడే. సమాజాన్ని కలిపినవాడే రాజ్యాన్ని విడదీశాడు. నాగమ్మది దీనికి విలోమస్థితి. రాజ్యం అవిభక్తంగా ఉండాలన్నది రాజనీతి దృష్ట్యా సమంజసమే. దానికి ఆమె ఎంచుకున్న మార్గాలే దూష్యం.

రెండవ ఘట్టం కోడిపోరు. ఓడినవారు ఏడేళ్ళు రాజ్యం విడిచిపోవాలన్నది పందెం. నాగమ్మ మోసంతో గెలిచిందని కథ ఆరోపిస్తుంది. మోసం ఆమెదే అయినా పణం ఇద్దరిదీ. బ్రహ్మనాయుడు ఒడ్డినది తన కోడిని మాత్రమే కాదు, తనను నమ్మినవారి బతుకును కూడా. ఓడాక మాట నిలుపుకొని వలసపోవడం అతని ధర్మనిష్ఠ. ఆ మాట ఇచ్చే హక్కు అతనికి ఎక్కడిదన్న ప్రశ్న మాత్రం మిగిలే ఉంటుంది. గడువు ముగిశాక రాయబారిగా వచ్చిన అలరాజు నలగామరాజుకు స్వయానా అల్లుడు. అతనిపై విషప్రయోగాన్ని ఏ రాజనీతీ సమర్థించలేదు. నైతిక సందిగ్ధత అంటే ఇద్దరి దోషాలూ సమానమని కాదు. ఒకరి దోషం మరొకరిని నిర్దోషిగా చేయదని మాత్రమే.

2019లో నింటెండో విడుదల చేసిన ‘ఫైర్ ఎంబ్లెమ్: త్రీ హౌసెస్’ అనే వ్యూహప్రధాన వీడియో గేమ్‌తో పోలిస్తే ఈ అంశం స్పష్టమవుతుంది. ఆటగాడు ఉపాధ్యాయుడై మూడు విద్యార్థి బృందాలలో ఒకదానిని ఎంచుకోవాలి. పుట్టుకతో వచ్చే ఆధిక్యాన్ని కూలదోయగోరిన ఎడెల్‌గార్డ్ అందుకు యుద్ధాన్ని ఆశ్రయిస్తుంది. ఆమె పక్షాన ఆడినవారికి ఆమె విమోచకురాలు, ఎదుటి పక్షాన ఆడినవారికి దురాక్రమణదారు. పక్షం మార్చి మళ్ళీ ఆడితే తప్ప కథ సమగ్రం కాదు. వీరవిద్యావంతుల గానం శ్రోతకు అలాంటి అవకాశం ఇవ్వదు. అది బ్రహ్మనాయుని పక్షాన నిలిచిన వీరుల స్మృతి. నాగమ్మ పక్షపు వాదాన్ని ఆ గానంలోని మౌనాల నుంచే విమర్శకుడు పునర్నిర్మించవలసి ఉంటుంది.

అయితే గానం తన వీరులను కూడా పూర్తిగా సమర్థించదు. శ్రీనాథుని రచనగా ప్రసిద్ధమై, 1911లో అక్కిరాజు ఉమాకాంతం ప్రకటించిన ద్విపదకు బాలచంద్రుని యుద్ధమే ప్రధానవస్తువు. బాలచంద్రుని బొంగరం అన్నమ్మ కాలికి తగలడం, ఆమె నిష్ఠురం ఆడటం అతనిని రణభూమికి నడిపిస్తాయి. పెద్దల కోడిపోరు రాజ్యాన్ని తీసుకుంటే, పిల్లవాని బొంగరాట ప్రాణాన్ని తీసుకుంది. చాపపై సాధించిన సమానత్వం చివరకు కారెంపూడిలో మరణంలోని సమానత్వంగా మిగిలింది.

కారెంపూడిలో ఏటా కార్తికమాసంలో జరిగే వీరుల ఉత్సవాలలో ఐదు రోజుల పేర్లు ఈ సందర్భంలో గమనార్హం: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. వీటిలో ఒక్కటీ విజయోత్సవం కాదు. గెలుపును జ్ఞాపకం చేసుకోని ఈ సంప్రదాయం నాయకులిద్దరి తీర్పునూ తెరిచే ఉంచింది. నాగమ్మను ఖండించే వ్యాఖ్యలూ, ఆమెను కీర్తించే వ్యాఖ్యలూ తొందరపడి మూసివేస్తున్నది దానినే.