‘పరిణమించు’ క్రియాప్రయోగ విమర్శ

ఆంగ్లభాషలో ‘ఎవాల్వ్’ అను క్రియ క్రమక్రమముగా జరుగు మార్పును తెలుపును. దీనికి మూలమైన లాటిన్ క్రియకు ‘చుట్టిన దానిని విప్పుట’ యని యర్థము. 1859లో డార్విను ప్రకటించిన జాత్యుత్పత్తి గ్రంథము ప్రథమముద్రణమున నీ క్రియ తుదిపదముగా మాత్రమే కానవచ్చును. తెలుఁగున దీనికి ‘పరిణమించు’ అనుదానిని సరిపదముగా గ్రహించి యెల్లయెడల వాడుచున్నారు. ఈ వాడుక సర్వత్ర సాధువు కాదు.

‘పరిణామము’ సాంఖ్యుల పారిభాషికపదము. కారణమే కార్యరూపము నొందుట దాని లక్షణము. పాలు పెరుగగుట ప్రసిద్ధోదాహరణము. త్రాడు పాముగా తోఁచుట వివర్తమే కాని పరిణామము కాదు. అయినను తెలుఁగు వాక్యమున నీ క్రియ ఫలమునే ముందుకు తెచ్చును. ‘కలహము యుద్ధముగా పరిణమించెను’ అన్నచో వినువాని దృష్టి యుద్ధముపై నిలుచును. నడుమ నడచిన త్రోవపై నిలువదు. ఆంగ్లక్రియకో, త్రోవయే ప్రధానము.

ఈ భేదము గ్రామచరిత్రలు వ్రాయువారికి ముఖ్యము. తొర్రూరు నుదాహరణముగా గొనవచ్చును. వరంగల్లు జిల్లాలోని యీ యూరు 2016 అక్టోబరు 11వ తేదీన క్రొత్తగా నేర్పడిన మహబూబాబాదు జిల్లాలో చేరినది, 2018లో పురపాలకమైనది. ‘తొర్రూరు 2018లో పురపాలకముగా పరిణమించెను’ అని వ్రాసినచో రెండు దోషములు కలుగును. శాసనముచే జరిగిన కార్యము తనంతట జరిగినట్లు తోఁచును; కర్తయైన ప్రభుత్వము మఱుఁగుపడును. ‘ప్రభుత్వము తొర్రూరును పురపాలకముగా చేసెను’ అనుటయే యొప్పు. అంగళ్లు హెచ్చుట, పొలములు ఇండ్లస్థలములగుట మొదలగునవి యొకనాఁటి పనులు కావు. వానిని చెప్పునపుడు ‘ఊరు పట్టణమగుచు వచ్చినది’ అనవలెను.

ఇందు క్రమము నెఱిఁగించునది ధాతువు కాదు. శత్రర్థకముపై చేరిన ‘వచ్చు’ క్రియ. ‘మాఱుచు వచ్చెను’, ‘పెరుగుచు వచ్చెను’, ‘తగ్గుచు వచ్చెను’ అనునవి పల్లెవారికిని తెలిసిన నుడికారములు. ఇవిగాక వస్తుభేదమును బట్టి వేర్వేఱు క్రియలున్నవి: పాలు తోడుకొనును, పిండి పులియును, కాయ ముదురును, పండు మాఁగును. వీని కన్నిటికి మాఱుగా ‘పరిణమించు’ నొక్కదానిని నిలుపుట కలిమిలో లేమిని తెచ్చికొనుట.

జీవశాస్త్రమున ‘పరిణామము’ రూఢమైనది, దానిని త్రోయఁబనిలేదు. ఇతరత్ర మాత్రము, ఆ మార్పునకు కర్త యెవరు, అది యొకనాఁడు జరిగెనా, పలునాళ్లు జరిగెనా యని విచారించి క్రియను గ్రహింపవలెను. పాఠశాలలలో ననువాదము నేర్పు పండితులు ముందుగా నీ ప్రశ్నలనే విద్యార్థుల నడుగుట మేలు.