ఒకటి విడిచింది మరొకదానికి తిండి

సీసాలో ఒకే రకం బ్యాక్టీరియా ఉంటే దాని లెక్క తేలికే. తిండి ఉన్నంతసేపూ పెరుగుతుంది, తరిగేకొద్దీ నెమ్మదిస్తుంది. ఫ్రెంచి శాస్త్రవేత్త జాక్ మోనో 1940లలో ఇచ్చిన సమీకరణం దీనికి ఇప్పటికీ చాలు. రెండో రకం వచ్చి చేరితేనే చిక్కు.

ఎక్కువ మంది పట్టుకునేది లోట్కా-వోల్టెరా పద్ధతి. ప్రతి రకానికీ ఒక పెరుగుదల రేటు, పైగా ఏది దేన్ని ఎంత అణచివేస్తుందో, ఎంత ఆదుకుంటుందో చెప్పే అంకెలు ఇందులో ఉంటాయి. పది రకాలకు 110 అంకెలు కావాలి. వంద రకాలైతే 10,100. మనిషి పేగుల్లో ఉండేవి వందల రకాలు! అన్నన్ని అంకెలు కొలిచేదెవరు? కొలవకుండా సర్దుకుంటూ పోతే ఏ గ్రాఫునైనా కుదర్చవచ్చు. అలా కుదిరినదాన్ని నమ్మడానికి లేదు.

రెండో దారిలో లెక్క తిండి చుట్టూ తిరుగుతుంది. ఎవరు ఏం తింటారు, ఏం విడుస్తారు అన్నదే ఇక్కడ ప్రశ్న. దీనికి పునాది వేసిన రాబర్ట్ మెకార్థర్ నిజానికి పక్షుల మీద పనిచేసినవాడు. ఈ లెక్క ప్రకారం తిండి ఒక్కటే అయితే చివరికి మిగిలేదీ ఒక్క రకమే.

అమెరికాలో అల్వారో శాంచెజ్, పంకజ్ మెహతా బృందాలు 2018లో ప్రచురించిన ప్రయోగం ఇక్కడే మెలిక పెట్టింది. మట్టి నుంచి, ఆకుల నుంచి తెచ్చిన 12 శాంపిళ్లకు కార్బన్ కోసం గ్లూకోజ్ ఒక్కటే ఇచ్చారు. 48 గంటలకోసారి 125 రెట్లు పలచన చేసి కొత్త ద్రవంలో వేశారు. పన్నెండు విడతలు గడిచినా ఒక్కో శాంపిల్‌లో అనేక రకాలు కలిసే బతికాయి. కారణం ఎంగిలి. గ్లూకోజ్‌ను గబగబా తినేవి అసిటేట్ లాంటివి బయటికి వదులుతాయి, మిగతావి దాని మీద బతుకుతాయి. ఈ ఒక్క సంగతి సమీకరణంలో చేర్చాక లెక్క ప్రయోగంతో కలిసింది.

కలిసింది కూడా కుటుంబం స్థాయిలోనే. ఎంటెరోబ్యాక్టీరియేసీ, సూడోమొనాడేసీ కుటుంబాలు దాదాపు ప్రతిచోటా నిలిచాయి. వాటిలో ఏ రకం అన్నది మాత్రం శాంపిల్‌కో తీరుగా మారింది. వైద్యానికి ఈ తేడా చిన్నది కాదు. ఆ మొదటి కుటుంబానికే చెందిన ఈ.కోలైలో పేగుల్లో ఏ హానీ చేయని రకాలున్నాయి, నెత్తురు విరేచనాలు తెచ్చే ఓ157 కూడా ఉంది.