మేస్త్రిగారూ, మాస్టారూ

స్లాబు పోసే రోజు ఇంటి యజమాని నోట ‘మేస్త్రిగారూ’ అని వస్తుంది. లెక్క తేల్చే రోజున ఆ ‘గారు’ మాయం. పక్కవీధి బడిలో మాస్టారికి ఈ బెడద లేదు. గౌరవం ఆయన పిలుపులోనే అతుక్కుపోయింది. నిజానికి ఈ ఇద్దరూ ఒకే తల్లి బిడ్డలు.

ఆ తల్లి లాటిన్ మాట ‘మాగిస్టర్’. అందులో ‘మాగిస్’ అంటే ఎక్కువ, పదిమందిలో పైవాడన్నమాట. పోర్చుగీసులో అది ‘మెస్త్రె’ అయింది. 1498లో వాస్కో డ గామా కాలికట్ చేరాక ఓడల వెంట దిగిన మాటల్లో ఇదొకటి. ఇస్త్రీ, అల్మారా, బాల్చీ, పాదిరి కూడా ఆ సరుకే. ఉత్తరాదిన ‘మిస్త్రీ’గా మారి వడ్రంగికీ మెకానిక్కుకీ అంటింది, నవలాకారుడు రోహింటన్ మిస్త్రీ వంటి పార్సీలకు ఇంటిపేరైంది. దక్షిణాదిన పని చేయించేవాడే మేస్త్రి. తెలంగాణలో గోడ కట్టే మనిషిని సుతారి అన్నా, ఆ జట్టుకు పెద్ద మేస్త్రే. తెల్లదొరల ఇళ్లలో వంటవాణ్నీ దర్జీనీ కూడా అలాగే పిలిచేవారని 1886 నాటి ‘హాబ్సన్-జాబ్సన్’ నిఘంటువు చెబుతుంది.

చేయించడంలోనే ఉంది చిక్కంతా. బ్రిటిష్ కాలంలో కోస్తా జిల్లాల కూలీలను రంగూన్ రేవుకూ బియ్యం మిల్లులకూ తోలుకెళ్లినవాడూ మేస్త్రే. ముందు చేతిలో అడ్వాన్సు పెట్టి, తర్వాత కూలిలోంచి కోసుకునేవాడు. ఆ ‘ఎక్కువ’ ఎంత బరువో అప్పు తీరని కూలీకే తెలుసు.

‘మాస్టారు’ ఇంగ్లిషు మీదుగా ఆలస్యంగా వచ్చింది. డ్యాన్సు మాస్టరు, బట్ట కత్తిరించే మాస్టరు, హోటల్లో టీ మాస్టరు అదే బండి ఎక్కారు. ఇళయరాజా పేరు ముందు పత్రికలు పెట్టే ‘మేస్ట్రో’ ఇటలీది. ఒకే మాట ముమ్మారు మన గడప తొక్కింది. దారానికి కట్టిన గుండు వదిలి, ఒక కన్ను మూసి, ‘తప్పింది, విప్పండ్రా’ అనగలవాడికి మాత్రం ‘గారు’ అవసరాన్నిబట్టి అందుతోంది.

మాగిస్టర్‌కు లాటిన్‌లోనే ఎదురుమాట ఉంది: మినిస్టర్. ‘మినుస్’ అంటే తక్కువ. మినిస్టర్ అంటే సేవకుడు. 1993 నాటి ‘ముఠా మేస్త్రి’లో చిరంజీవి మార్కెట్ కూలీల మేస్త్రిగా మొదలై మంత్రి అవుతాడు. హాలంతా ఈలలు. లాటిన్ లెక్కన మాత్రం ఆయన ఓ మెట్టు దిగాడు.